విలియం డన్లాపు: నాటకకర్త, నటచరిత్రకారుడు

ప్రసిద్ధుడైన యొకని జీవితచరిత్రమును వ్రాయబూనినవాడు వాని దోషములను చెప్పవలయునా, దాచవలయునా? మన యిండ్లలో పెద్దలు గతించినవారిని గూర్చి మంచినే పలుకవలెనందురు. అది మర్యాద. కాని పరుల చరిత్రము చదివి తన నడవడిని దిద్దుకొనదలచిన వానికి మంచిని మాత్రమే చెప్పెడి గ్రంథమువలన గలుగు లాభము స్వల్పము. ఈ చిక్కునకు లోనై, మిత్రప్రేమకును సత్యమునకును నడుమ నలిగిన యొక నాటకకర్త కథను చదువరుల కెఱిగింప దలచితిమి. అతడు అమెరికా దేశపు నాటకరంగమునకు తొలి చరిత్రకారుడైన విలియం డన్లాపు.

డన్లాపు న్యూజెర్సీలోని పెర్తు ఆంబోయి యను రేవు పట్టణమున 1766 ఫిబ్రవరిలో పుట్టెను. తండ్రి ఐర్లండు దేశీయుడు. ఆంగ్లేయ సైన్యమున కొలువు చేసి, క్విబెకు యుద్ధమున గాయపడి, పిమ్మట అంగడి పెట్టుకొనిన వాడు. విలియం అతని కేకపుత్రుడు. ఆ పట్టణమున కలవారి యిండ్లలో పనిపాటలు చేయువారు నల్లజాతి బానిసలు. డన్లాపుల యింటను అంతియే. బాలునకు చదువుపై మక్కువ గలిగించినది బడి కాదు, పొరుగున నుండిన థామస్ బార్టో యను వృద్ధుడు. ఆ వృద్ధుడు తన పుస్తకములలోని బొమ్మలను చూపుచు, ప్రాచీన కావ్యముల కథలను చెప్పుచు, బాలుని హృదయమున చిత్రకళకును సాహిత్యమునకును ఒక్కమారే విత్తు నాటెను. స్వాతంత్ర్య యుద్ధము రాగా రాజపక్షమువారైన డన్లాపులు 1777లో న్యూయార్కునకు తరలిపోయిరి. మరుసటి యేట పిల్లల యాటలో నెవరో విసరిన కట్టెపేడు తగిలి విలియం కుడికన్ను పోయెను. చిత్రకారుడు కాదలచిన వాని కది యెంతటి దెబ్బయో చెప్పనక్కఱలేదు.

అయినను అతడు కుంచె విడువలేదు. 1783లో వాషింగ్టను సేనానియే యతనియెదుట కూర్చుండి చిత్రము వ్రాయించుకొనెను. మరుసటి సంవత్సరము తండ్రి యతనిని లండనునకు పంపి, బెంజమిన్ వెస్టు అను సుప్రసిద్ధ చిత్రకారుని కడ శిష్యునిగా చేర్చెను. అచ్చట గురువుకడ గడపిన దినములకంటె నాటకశాలలలోను విందులలోను గడపిన రాత్రులే హెచ్చు. 1787లో అతడు తిరిగి వచ్చునప్పటికి న్యూయార్కున రాయల్ టైలరు వ్రాసిన యొక ప్రహసనము జనులను ఉర్రూతలూపుచుండెను. దేశీయుడు వ్రాసిన నాటకమునకు దేశీయులు చప్పట్లు కొట్టుట విని డన్లాపు తానును నాటకకర్త కాదలచెను. 1789లో ఆతని 'తండ్రి' యను నాటకము ప్రదర్శింపబడి మెప్పు పొందెను. ఆ యేటనే యతనికి వివాహమయ్యెను.

1791లో తండ్రి గతింపగా అంగడితోపాటు బానిసలును అతని యాస్తిలోనికి వచ్చిరి. అతడు వారిని విడుదల చేసెను. న్యూయార్కు రాష్ట్రమున బానిసత్వమును క్రమక్రమముగా తొలగించు శాసనము పుట్టినది 1799లో. పూర్తిగా నశించినది 1827లో. శాసనము బలవంతపెట్టకమునుపే తన సొత్తు ననబడిన మనుష్యులను మనుష్యులుగా నెంచిన వాడని మేము ప్రత్యేకముగా చెప్పుచున్నాము. వేదికపై నీతులు వల్లించి యింట దానికి విరుద్ధముగా నడచు రచయితలు ఏ దేశమునకును కొత్త కారు. బానిసల విమోచనమునకై పాటుపడు సంఘమునను డన్లాపు పనిచేసెను.

1796లో అతడు హాలం, హాడ్జ్‌కిన్సను అను నటులతో కలిసి నాటక సమాజమునకు భాగస్వామి యయ్యెను. సజ్జనుడు నాటకశాలను నడపినచో అది ప్రజలకు పాఠశాల కాగలదని యతని నమ్మకము. 1798 జనవరిలో పార్కు నాటకశాల తెరవబడెను. మార్చి నెలలో అతని 'ఆండ్రే' యను విషాద నాటకము ఆడబడెను. ఆండ్రే యుద్ధకాలమున వేగులవాడుగా పట్టుబడి, 1780లో వాషింగ్టను ఆజ్ఞచే నురిదీయబడిన ఆంగ్లేయ సేనాని. నాటకమున బ్లాండు అను అమెరికా యువకుడు, తాను బందీగానున్నప్పుడు ఆండ్రే చూపిన దయను తలచి వాని ప్రాణములకై వేడుకొనును. సేనాపతి ధర్మము తప్పజాలననును. అంతట యువకుడు కోపోద్రిక్తుడై తన టోపీపైనున్న సైనిక చిహ్నమును పెఱికి నేలగొట్టును. ప్రేక్షకులు ఈలలు వేసి గోలచేసిరి. శత్రువునందును సుగుణము గలదని చెప్పుట, జాతీయ చిహ్నమును నేల రాల్చుట—ఈ రెంటిని అప్పటి జనులు సహింపలేకపోయిరి. డన్లాపు ఆ ఘట్టమును సవరించెను గాని నాటకము నిలువలేదు. అయిదేండ్లకు ఆ కథకే పాటలను, పటాటోపమును, రైతుల పరాక్రమమును చేర్చి స్వాతంత్ర్య దినోత్సవమున ప్రదర్శింపగా జనులు విరగబడి చూచిరి. ఆలోచింపజేసినది వీగిపోయినది, పొగడినది గెలిచినది!

ఆ 1798లోనే న్యూయార్కున పచ్చజ్వరము వ్యాపించి సుమారు రెండువేల మందిని పొట్టను బెట్టుకొనెను. రోగులకు చికిత్స చేయుచు ప్రాణములు వదలిన యువవైద్యుడు ఎలిహు హబ్బర్డ్ స్మిత్తు డన్లాపునకు ఆప్తమిత్రుడు. నాటకశాల మూతపడి, అప్పులు పెరిగెను. ఆ సంవత్సరాంతమున కోట్జెబూ యను జర్మను రచయిత నాటకమొకటి డన్లాపు కలముచే ఆంగ్లమున వెలసి శాలను నిలిపెను. పిదప అతడు జర్మను భాష నేర్చి ఆ రచయిత నాటకములను వరుసగా తెనిగించినట్లు ఆంగ్లీకరించెను. అయినను 1805లో సర్వస్వమును కోల్పోయి దివాలా యెత్తి, ఊరూర తిరుగుచు చిన్న చిన్న ముఖచిత్రములు వ్రాసి కుటుంబమును పోషింపవలసిన వాడయ్యెను.

ఇట్టి దశలో అతనికి జార్జి ఫ్రెడరిక్ కుక్కు తటస్థించెను. రిచర్డు రాజు పాత్రచే లండనును గడగడలాడించిన ఆ మహానటుడు 1810 నవంబరులో న్యూయార్కున దిగెను. ఆతనివలె వేషము కట్టగల వారు అమెరికాలో నంతవఱకు కానరాలేదు. కాని అతడు త్రాగుబోతు. మత్తు లేనప్పుడు మర్యాదస్థుడు, బహువిషయజ్ఞుడు. మత్తెక్కినచో ప్రేక్షకులనే తిట్టువాడు. బానిస వ్యాపారముచే బలిసిన లివర్‌పూలు జనులు ఒకనాడు తన్ను ఈసడింపగా, మీ పట్టణపు ప్రతి యిటుకయు ఆఫ్రికా జనుల నెత్తుటితో అతుకబడినదని యతడు ఎదురాడెనని కథ ప్రసిద్ధము. అట్టి మాట పలుకగలిగిన హృదయము సీసాకు బానిస యగుట చూడుడు! కుక్కు ఫిలడెల్ఫియాకు పోవునపుడు తోడుగానుండి కనిపెట్టు భారము డన్లాపుపై పడెను. అతడు మిత్రుడై, కాపరియై, సాక్షియై యుండెను. 1812 సెప్టెంబరులో కుక్కు న్యూయార్కుననే మరణించెను.

మరుసటి యేట డన్లాపు రెండు సంపుటములుగా కుక్కు చరిత్రమును ప్రకటించెను. నటుని దినచర్య పుస్తకములు అతని చేతిలో నుండెను. కన్నులార చూచిన సంగతులును కలవు. అందు అతడు నటుని ప్రతిభను దాచలేదు, పానమును దాచలేదు. ఒక పుటలో మనలను నవ్వించి, మరుపుటలో తలవంచుకొనజేయును. చనిపోయినవాని సిగ్గును బజారున బెట్టెనని యతనిని నిందించుటకు వీలున్నది. ఆ నింద కొంత న్యాయమేయని మేము ఒప్పుకొందుము. ఏలయన ఆ గ్రంథము తరువాత కుక్కు పేరు చెప్పగానే నటన కంటె ముందు సారాయి జ్ఞప్తికి వచ్చుట సంభవించినది. అయినను ఆ చరిత్రకారుడు పగచే వ్రాయలేదు, వినోదమునకును వ్రాయలేదు. ఇంతటి వానిని ఇది యిట్లు చేసెనే యని వగచి వ్రాసెను.

ఈ మాటకు నిదర్శనమేమనగా, అతడు అదే తక్కెడలో తన్ను గూడ తూచుకొనెను. 1834లో ప్రకటించిన అమెరికా చిత్రశిల్ప కళల చరిత్రమున తన జీవితమును గూడ వ్రాయుచు, లండనులో తాను పాడుచేసుకొన్న కాలమును, గురువుకడ నేర్వకపోయిన విద్యను దాపరికము లేక చెప్పుకొనెను. పరుల దోషములను విప్పువాడు తన దోషమును ముందుంచినప్పుడే వాని కలమునకు అధికారము గలుగును. అతని గ్రంథములలో తేదీల తప్పులు కలవు, అభిమాన దురభిమానములును కలవు. అయినను ఆ కాలపు నటుల బ్రదుకులను తెలిసికొనగోరువారు నేటికిని అతని గడప త్రొక్కక తప్పదు.

1832లో వెలువడిన 'అమెరికా నాటకశాల చరిత్రము'లో అతడు తన దివాలా నేర్పిన పాఠమును చెప్పెను. నాటకశాల ధనార్జనకే యున్నంతకాలము నడపువాడు జనుల రుచికి దాసుడగునే కాని గురువు కాజాలడు. కావున అది ప్రభుత్వపోషణమున నడవవలెనని యతని వాదము. నాటకశాలలో వేశ్యలకై పై యంతస్తును ప్రత్యేకించు ఆనాటి ఆచారమును గూడ అతడు ఖండించెను. కుటుంబస్త్రీలు సిగ్గుపడక వచ్చి కూర్చుండజాలని చోట నీతిబోధ యెట్లు సాగును?

అవసాన దశ దారిద్ర్యముతోను రోగముతోను గడచెను. 1833లో న్యూయార్కు కళాభిమానులు అతని సహాయార్థము ప్రదర్శన మేర్పరచిరి. 1836లో మద్యనిషేధమును బోధించు నవలను వ్రాసి, అందు కుక్కును మరల ఒక పాత్రగా ప్రవేశపెట్టెను. ఆ స్నేహితుడు ఇరువది నాలుగేండ్లయినను అతని మనస్సును విడువలేదు. 1839 సెప్టెంబరు 28వ తేదీన డన్లాపు న్యూయార్కున మరణించెను.

అతని నాటకములలో నేడు చదువబడునవి మిక్కిలి తక్కువ. చిత్రకారుడుగా మధ్యముడు, వ్యాపారిగా ఓడినవాడు. అట్లయినను ఇంటనున్న బానిసల సంకెళ్ళను, తన చేతిలోని సత్యమును రెంటిని విడిచిపెట్టిన వాడు. మన బిడ్డలకు మహనీయుల కథలను చెప్పునపుడు వారి లోపములను గూడ ప్రేమతో చెప్పగలిగినచో, ఆ బిడ్డలు వారిని దేవుళ్ళుగా మ్రొక్కుట మాని మనుష్యులుగా నెఱిగి, వారు జాఱినచోట తాము కాలు నిలువదొక్కుకొందురని మేము నమ్ముచున్నాము.