క్షయ చికిత్స: శానిటోరియం నుంచి ఓపీకి

ఊపిరితిత్తుల క్షయ సోకినవారిని ఆసుపత్రిలో చేర్చుకోకుండా, ఇంటి దగ్గరే ఉంచి ఓపీలో మందులిచ్చి నయం చేయవచ్చని 1950ల చివర్లో మద్రాసులో రుజువైంది.

అంతకుముందు క్షయ అంటే శానిటోరియమే గతి. మంచి గాలి, కదలకుండా విశ్రాంతి, పాలు, గుడ్లు. ఇలా నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచేవి. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం ఈ పద్ధతికి దక్షిణాదిన పెట్టింది పేరు. 1940ల్లో స్ట్రెప్టోమైసిన్, పాస్, 1952లో ఐసోనియాజిడ్ అనే మందులు వచ్చాయి. చేతికి మందు వచ్చినా మంచం మీద నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు. రోగులకు సరిపడా మంచాలు లేవన్నది వేరే సంగతి. పైగా క్షయ పట్నాల్లో ఎంత ఉందో పల్లెల్లోనూ ఇంచుమించు అంతే ఉందని 1955–58 నాటి జాతీయ సర్వేలో తేలింది.

1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి మద్రాసులో క్షయ కీమోథెరపీ కేంద్రాన్ని నెలకొల్పాయి. వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో 193 మంది పేద రోగులను ఎంచుకున్నారు. ఎవరు ఇంట్లో, ఎవరు శానిటోరియంలో అన్నది డాక్టర్ల ఇష్టానికి వదలకుండా యాదృచ్ఛికంగా తేల్చారు. మందులు రెండు బృందాలకూ ఒకటే: ఏడాదిపాటు ఐసోనియాజిడ్, పాస్. ఇంట్లో ఉన్నవారికి ఇరుకు గదులు, అరకొర తిండి, తప్పని పనీపాటా. ఏడాది తిరిగేసరికి శానిటోరియంలో 92 శాతం మందికి, ఇళ్లలో 86 శాతం మందికి వ్యాధి అణిగింది. ఐదేళ్ల లెక్క తీస్తే ఆ కాస్త తేడా కూడా మిగల్లేదు. మరి ఇంట్లోవాళ్లకు అంటుకోదా? అసలు భయం అదే. రెండు వైపుల కుటుంబాలనూ ఐదేళ్లు గమనించినా, రోగి ఇంట్లో ఉన్నందువల్ల ముప్పు పెరిగిన దాఖలా కనబడలేదు.

1959లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. 1962లో మొదలైన జాతీయ క్షయ నివారణ కార్యక్రమం ఓపీ చికిత్సనే నమ్ముకుంది.

అయితే మద్రాసు బృందం మందులిచ్చి ఊరుకోలేదు. చెప్పకుండా ఇళ్లకు వెళ్లి మిగిలిన మందులు లెక్కపెట్టింది, మూత్రం పరీక్షించి మందు వేసుకున్నదీ లేనిదీ చూసింది. ఒంట్లో కాస్త తేలికపడగానే మందులు మానేయడం రోగికి సహజం. అందుకే, సిబ్బంది ఎదుటే వారానికి రెండుసార్లు మందు ఇచ్చినా సరిపోతుందా అని 1960ల్లో అదే కేంద్రం పరీక్షించి, సరిపోతుందని చూపింది. దేశమంతటా నడిచిన కార్యక్రమంలో ఇంత నిఘా ఎక్కడిది? 1992లో ఆ కార్యక్రమాన్ని సమీక్షించేనాటికి చికిత్స పూర్తిచేస్తున్నవారు సగం కన్నా తక్కువే.

1997లో డాట్స్ వచ్చింది. ఆరోగ్య కార్యకర్త కళ్లెదుట వారానికి మూడుసార్లు మాత్రలు మింగించే ఈ పద్ధతి 2006కల్లా దేశమంతా అమలైంది. విడతలుగా మందులిస్తే కొందరిలో వ్యాధి తిరగబెడుతోందన్న ఆధారాలు పోగుపడటంతో 2017 నుంచి మళ్లీ రోజువారీ మాత్రలకు మారారు. ఆనాటి మద్రాసు కేంద్రం ఇప్పుడు జాతీయ క్షయ పరిశోధన సంస్థగా చెన్నైలో పనిచేస్తోంది.