హాజరుపట్టీలో ఆగిన పేర్లు

ఈ సంచిక కోసం మన బడి పాత హాజరుపట్టీలు తిరగేశాను. ఆరులో ఉండి పదిలో లేని పేర్లు చాలానే ఉన్నాయి. కొందరు నౌపడ ఉప్పు మడుల్లో పనికి వెళ్లారు. 'మొద్దు' అన్న మాట వాళ్ల వెంటే వెళ్లింది.

వికలాంగ బాలలను మామూలు బడుల్లో చేర్చే కేంద్ర పథకం 1974లోనే వచ్చింది. చేర్చాక పాఠం ఎలా చెప్పాలి? 1984లో సికింద్రాబాద్‌లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థలో జయంతీ నారాయణ్ గారు ఏళ్ల తరబడి ఈ ప్రశ్న మీదే పనిచేశారు. వారు రూపొందించిన 'గ్లాడ్' పరీక్ష పెడితే, ఆరో తరగతి పిల్లవాడు చదవడంలో మూడులో, లెక్కల్లో రెండులో ఉన్నాడని టీచరుకు తెలుస్తుంది. పాఠం అక్కణ్నుంచే మొదలుపెట్టొచ్చు. పెద్ద సరంజామా అక్కర్లేదు. నాకు నచ్చింది అదే.

ఇప్పుడు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ఆ పేర్లవాళ్ల మనవలు కొందరు అక్కడికి వస్తున్నారు.