పిల్లవాడి ఆయాసం పిల్లవాణ్ణే అడగండి

ఉబ్బసమున్న పిల్లవాణ్ణి డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళామనుకోండి. "ఎలా వుంది బాబూ?" అని ఆయన వాణ్ణే అడుగుతారు. వాడు నోరు తెరిచేలోగా మనం అందుకుంటాం, "ఈ నెల ఫరవాలేదండీ, దగ్గు తగ్గింది" అని. ప్రేమకొద్దీ చెప్పేమాటే, అబద్ధమూ కాదు. కాని ఆ జవాబు వాడిదేనా? ఈ సందేహం వైద్యలోకానికి గట్టిగా పట్టుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ కథే ఈరోజు చెప్పుకుందాం.

వైద్యులు ముందుగా నేర్చినది ఊపిరిని కొలవడం. 1846లో లండన్‌లో జాన్ హచిన్సన్ అనే వైద్యుడు స్పైరోమీటరుతో రెండువేల మందికి పైగా ఊపిరి కొలిచి ఆ లెక్కలు ప్రకటించాడు. 1959లో బ్రిటన్‌లోనే రైట్, మెకెరో అనే ఇద్దరు పీక్ ఫ్లో మీటరు సంగతి లోకానికి తెలిపారు. గట్టిగా ఒక్క ఊపున ఊదితే గాలి ఎంత వేగంగా వచ్చిందో అది చెబుతుంది. తరువాత అదే చిన్న ప్లాస్టిక్ గొట్టమై ఇళ్ళలోకీ వచ్చింది.

మంచిదే. కాని గొట్టం గాలిని కొలుస్తుంది గాని, అర్ధరాత్రి లేచి కూర్చున్న పిల్లవాడి భయాన్ని కొలవలేదు గదా! తోటివాళ్ళు పరుగెడుతుంటే గట్టుమీద కూర్చున్న పిల్ల ఉక్రోషం ఏ అంకెలో కనిపిస్తుంది?

ఈ లోటు తీర్చడానికి పూనుకున్నవారిలో ఎలిజబెత్ జూనిపర్ ఒకరు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో ఆమె, సహచరులు కలిసి 7 నుంచి 17 ఏళ్ళ పిల్లలకోసం తయారుచేసిన ప్రశ్నావళి 1996లో వెలువడింది. మొత్తం 23 ప్రశ్నలు. పది దగ్గు, ఆయాసం, పిల్లికూతల వంటి బాధలను గురించి, అయిదు ఆటపాటలను గురించి, ఎనిమిది మనసును గురించి. గడచిన వారం ఎలా గడిచిందో పిల్లలే ఒకటి నుంచి ఏడు దాకా అంకె చెప్పాలి. ఏ పనులు చేయలేక బాధపడుతున్నారో వాటిలో మూడింటిని కూడా పిల్లలే ఎంచుకుంటారు.

తల్లిదండ్రులను మరిచారనుకోకండి. వాళ్ళకు అదే ఏడు 13 ప్రశ్నల పత్రం వేరే వచ్చింది. అది అడిగేది పిల్లవాడి సంగతి కాదు, మన సంగతే! మన నిద్ర, మన దిగులు, మధ్యలో ఆగిపోయిన మన పనులు.

మరి చిన్నవాళ్ళ మాటేమిటి? 2007లో అమెరికాలో 4 నుంచి 11 ఏళ్ళవారికి ఏడు ప్రశ్నల పరీక్ష ఒకటి వచ్చింది. మొదటి నాలుగింటికి నవ్వుముఖం, ఏడుపుముఖం బొమ్మలు చూసి బిడ్డే జవాబిస్తుంది. మిగిలిన మూడూ పెద్దవాళ్ళకి. మొత్తం 27 మార్కులు. 19గాని అంతకు తక్కువగాని వస్తే ఉబ్బసం అదుపులో లేదేమోనని అనుమానించాలి.

ఇక్కడొక హెచ్చరిక. ఈ ప్రశ్నలు గొట్టానికీ, డాక్టరుగారి పరీక్షకీ తోడేగాని బదులు కాదు. మాట రానంతగా ఆయాసపడుతున్న బిడ్డను ప్రశ్నలడుగుతూ కూర్చోకూడదు. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

మామూలు రోజుల్లో మాత్రం, తీరికవేళ దగ్గర కూర్చోబెట్టుకుని అడగండి. "బడిలో పరుగెత్తగలిగావా? రాత్రి మెలకువ వచ్చిందా? భయమేసిందా?" ఆట మాన్పిస్తారేమోనని దాచిన ఆయాసం అప్పుడు బయటపడవచ్చు. వాడు చెబుతుంటే మధ్యలో అందుకోకండి. మనం పక్కనే ఉన్నా, ఆ ఊపిరి తీసేది వాడే గదా!