దత్తు వచ్చిన దేశము

మన తెలుగునాట దత్తు వెళ్లిన బిడ్డకు ఇంటిపేరు మారును, గోత్రము మారును. పెంచినవారి పొలములో భాగము వచ్చును, వారి అప్పులోను భాగము వచ్చును. అయితే ఆ ఇంటి తగవులలో నోరు విప్పి మాట్లాడు హక్కు ఎప్పటినుండి వచ్చును? దస్తావేజులో ఆ మాట ఉండదు. దేశముల విషయములోను ఇదే చిక్కు. పుట్టిన దేశమును విడిచి మరియొక దేశమును తనదిగా చేసికొన్నవాడు ఆ దేశమును పొగడినంతసేపు అందరు మెచ్చుకొందురు. "ఇది సరికాదు" అని ఒక్క మాట అనగానే "నీవెవడవు?" అందురు.

గుడులను, బడులను, ఆసుపత్రులను ఎవరు ఎప్పుడు కట్టించిరో ఈ శతాబ్ది సంచికలో ఇతరులు వ్రాయుచున్నారు. ఆ పని వారికి విడిచి, ఈ దేశమును దత్తు తీసికొన్న కొందరు క్రైస్తవులు, వారి చుట్టు మసలినవారు, ఈ దేశము గొప్పతనమును గూర్చి ఏమి వాదించిరో, ఎవరితో వాదించిరో చెప్పవలెనని మేము తలచితిమి. క్రైస్తవుని దేశభక్తి అరువు తెచ్చుకొన్నదని నేటికిని అనువారున్నారు గనుక ఇది పాత ముచ్చట మాత్రమే కాదు.

మొదట దీనబంధు ఆండ్రూస్ గారు. చార్లెస్ ఫ్రియర్ ఆండ్రూస్ 1871లో ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమున జన్మించి, 1904లో ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కళాశాలకు ఉపాధ్యాయుడుగా వచ్చిరి. రెండేండ్లకు అచ్చట ప్రిన్సిపాల్ పదవి ఖాళీ అయినది. ఆ కాలపు వాడుక ప్రకారము అది ఇంగ్లీషు దొరకే చెందవలసియుండెను. కళాశాలలో ఎన్నో సంవత్సరములు పనిచేసిన సుశీల్ కుమార్ రుద్రగారు ఉండగా తాను ఆ కుర్చీలో కూర్చుండనని ఆండ్రూస్ పట్టుబట్టిరి. 1906లో రుద్రగారు ఆ కళాశాలకు మొదటి భారతీయ ప్రిన్సిపాల్ అయిరి. తరువాతి కాలమున ఖిలాఫత్ విషయమై వైస్రాయికి గాంధీగారు వ్రాసిన బహిరంగ లేఖ ఈ రుద్రగారి ఇంటి కప్పు క్రిందనే తయారైనది. 1925లో రుద్రగారు చనిపోయినప్పుడు గాంధీగారే ఆ సంగతి వెల్లడించిరి. ఒక మిషను కళాశాల ప్రిన్సిపాల్ ఇంట సామ్రాజ్యమును కదిలించు లేఖ పుట్టినదన్న మాట మన సంఘములలో ఎంతమంది ఎరుగుదురు?

1914 జనవరిలో డర్బన్ రేవున దిగిన ఆండ్రూస్, గాంధీగారు ఎవరో తెలిసికొన్న వెంటనే వంగి ఆయన పాదములు తాకిరి. తెల్లవాడు నల్లవాని కాళ్లకు మ్రొక్కుటా అని అక్కడి తెల్లవారు మండిపడిరి. ఆ నాటాల్ చెరకు తోటలలో మన తెలుగువారు చాలమంది ఉండిరి. 1860 అక్టోబరులో మదరాసు రేవునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ మొదలుకొని విశాఖ, గోదావరి ప్రాంతములవారు అక్కడికి కూలికి వెళ్లుచునే యుండిరి. వారును ఒక దేశమునకు దత్తు వెళ్లినవారే, అయితే ఆ ఇంట వారిని బిడ్డలని ఎవరును అనలేదు. 1915లో ఆండ్రూస్, పియర్సన్ అను స్నేహితునితో ఫిజీ దీవులకు వెళ్లి, అయిదేండ్ల ఒడంబడిక కూలీల బ్రతుకు కన్నులార చూచి వచ్చిరి. 1879 మొదలు 1916 వరకు ఆ దీవులకు సుమారు 60 వేలమంది భారతీయులను తీసికొనిపోయిరి. 1903 నుండి మదరాసు రేవునుండియు ఓడలు వెళ్లినవి, వాటిలో తెలుగువారును అరవవారును ఉండిరి. నూరుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలు అను లెక్కతో మనుష్యులను ఓడలకెక్కించిన పద్ధతి ఎట్టి పాపమునకు దారితీసెనో ఆండ్రూస్, పియర్సన్ తమ నివేదికలో దాచకుండ వ్రాసిరి. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒడంబడికలు రద్దయినవి.

ఇంతవరకు ఆండ్రూస్ మాట్లాడినది తాను పుట్టిన దేశపు తప్పులను గూర్చి. దానిని మనవారందరు మెచ్చుకొనిరి. అసలు పరీక్ష తరువాత వచ్చినది.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము కూడినది. తిలక్ నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసుకు కోటిమంది సభ్యులు, దేశమున ఇరువది లక్షల రాట్నములు కావలెనని అక్కడ తీర్మానించిరి. మన పింగళి వెంకయ్యగారు ఎరుపు ఆకుపచ్చ రంగుల జెండాను గాంధీగారికి చూపినదియు ఆ దినములలోనే. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ మహమ్మదీయులకు అని తలచిన ఆ జెండాకు, తక్కిన మతములవారికొరకు తెలుపు కూడ చేర్చవలెనని గాంధీగారు తలచిరి. ఆ తెల్లని పట్టీలోనే మన క్రైస్తవులకును చోటు కలిగినది. దీనిని మన యువజన కూటములలో చెప్పదగునని మా అభిప్రాయము.

నాలుగు నెలలు గడచినవి. జూలై 31న బొంబాయిలో విదేశీ వస్త్రములను గుట్టగా పోసి గాంధీగారు నిప్పంటించిరి. ఆండ్రూస్ అప్పటికి ఖద్దరు కట్టుచుండిరి. ఆ మంటను గూర్చి విని ఆయన మనస్సు కలత చెందినది. గాంధీగారికి లేఖ వ్రాసిరి. ఆ గుడ్డలను నేసినదియు మనుష్యుల చేతులే గదా, ఆ శ్రమను బుగ్గిచేయుట హింసవలె తోచుచున్నదని దాని సారాంశము. విదేశీయము అన్న మాటను అంత గట్టిగా పట్టుకొనిన యెడల జాతిద్వేషము పెరుగునని కూడ ఆయన భయపడిరి. ఖద్దరు కట్టుకొనుటకే తనకు సంకోచము కలుగుచున్నదనిరి. గాంధీగారు ఆ లేఖను దాచలేదు. 1921 సెప్టెంబరు 1నాటి యంగ్ ఇండియా పత్రికలో అచ్చువేసి ప్రక్కనే జవాబు వ్రాసిరి. తాను విదేశీ వస్తువులన్నిటిని వద్దనుట లేదు, అట్లనిన యెడల అది సంకుచితము, దుర్మార్గము అగునని ఒప్పుకొనిరి. ప్రజల కోపమును మనుష్యుల మీదనుండి వస్తువుల మీదికి మళ్లించుచున్నాననిరి. మనము సిగ్గుపడి విడిచిన గుడ్డలను బీదలకిచ్చుట బీదలను అవమానించుటయే అనిరి.

ఆ అక్టోబరులోనే రవీంద్రనాథ ఠాగూరుగారు కూడ ఈ మంటలను, అందరు ఆలోచన మాని రాట్నము త్రిప్పుటను ప్రశ్నించుచు మోడరన్ రివ్యూలో వ్రాసిరి. గాంధీగారు ఆయనను కావలివానితో పోల్చి గౌరవముగా జవాబిచ్చిరి. ఠాగూరు ఇంటివాడు గనుక ఆయన మాట ఇంటివాని మాట. ఆండ్రూస్ మాట ఎవరి మాట? గాంధీగారు ఈ భేదము చూపకపోవుట మాకు మిక్కిలి గొప్పగా తోచుచున్నది. నీవు తెల్లవాడవు గనుక మాంచెస్టరు గుడ్డ మీద నీకు జాలి అని ఒక్క మాటతో ఆయన నోరు మూయించవచ్చును. ఆ మాట అనలేదు. వాదములో మాత్రము బీదల గుడ్డల విషయమున గాంధీగారి జవాబే బలమైనదని మేమందుము. జాతిద్వేషమును గూర్చిన ఆండ్రూస్ భయము కూడ ఉత్తది కాదు. ఆ నవంబరులో వేల్సు యువరాజు బొంబాయిలో దిగినప్పుడు చెలరేగిన అల్లరులలో విదేశీ టోపీలు ధరించినవారిని, పారసీకులను, క్రైస్తవులను కొట్టిరి. గాంధీగారు ఉపవాసముండి ప్రాయశ్చిత్తము చేసికొనిరి.

ఆ సంవత్సరము డిసెంబరులో పంజాబులో అరెస్టయిన శామ్యూల్ స్టోక్స్ గారి కథ వేరు. ఫిలడెల్ఫియాకు చెందిన క్వేకరు కుటుంబములో 1882లో పుట్టి, కుష్ఠురోగుల సేవకని 1904లో సిమ్లా కొండలకు వచ్చిరి. స్థానిక క్రైస్తవ కన్య ఆగ్నెస్‌ను 1912లో పెండ్లాడి కోట్‌గఢ్‌లో భూమి కొని కాపురము పెట్టిరి. దొరల సామానులు కొండవారు ఉచితముగా మోయవలెనను వెట్టిచాకిరికి విరోధముగా నిలిచి దానిని మాన్పించిరి. వెట్టి అను మాట మన గ్రామములకు వివరింప నక్కరలేదు. ప్రభుత్వోద్యోగములు విడువుడని దేశ నాయకులు 1921లో చేసిన ప్రకటనలో సంతకము చేసిన ఒకే విదేశీయుడు ఆయన. ఆరు నెలలు జైలుశిక్ష పడినది. భారతీయునివలె బాధపడుటే ఆయన నేరమని గాంధీగారు వ్రాసిరి. ఆయన 1932లో హిందూ మతము స్వీకరించి సత్యానంద్ అను పేరు పెట్టుకొనిరి. సంఘపు సంచికలో ఈ మాట ఎందుకని కొందరు అనవచ్చును. జరిగినది వ్రాయక సగము చరిత్ర వ్రాయుట మాకు ఇష్టము లేదు. ఆయన అమెరికానుండి తెచ్చి నాటిన ఆపిలు జాతి చెట్లతో ఆ కొండవారి బ్రతుకే మారినదని మాత్రము చేర్చుచున్నాము.

మన సీమలో మదనపల్లెను మరువరాదు. ఐర్లండు దేశస్థుడైన జేమ్స్ కజిన్స్ గారు 1916లో డబ్లిన్ తిరుగుబాటును మెచ్చుచు పత్రికలో వ్రాసినందున ఆ పత్రిక ఉద్యోగము పోయి మదనపల్లె కళాశాలకు వచ్చిరి. 1919 ఫిబ్రవరిలో ఠాగూరుగారు అక్కడ విశ్రమించినప్పుడు జనగణమన పాడి వినిపించిరి. కజిన్స్ గారి భార్య మార్గరెట్ దానికి స్వరములు వ్రాసిరి. వారు దివ్యజ్ఞాన సమాజమువారు, మనవారు కారు. అయినను 1950 జనవరి 24న జాతీయ గీతమైన పాటకు మన రాయలసీమ ఊరిలో ఒక ఐర్లండు స్త్రీ స్వరములు కూర్చెనను సంగతి ఇక్కడ చెప్పదగినదే.

ఇక మన బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. ఆయనకు తెలుగుదేశమే దత్తదేశము. 1874లో తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విలైలో పుట్టిన అరవవాడు. అరవ సంఘములవారి చందాలతో నడచు మిషనుకు పనివాడుగా 1909లో నిజాము రాజ్యములోని దోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకొనిరి. మరుసటి ఏడు ఎడింబరో మహాసభలో, మిషనెరీలు త్యాగములు చేయుచున్నారు గాని మాకు స్నేహితులుగా ఉండుట లేదని వారి ముఖముననే చెప్పిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయిరి. ఆంగ్లికన్ సంఘములో ఆయనే మొదటి భారతీయ బిషప్. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ దేవాలయము చూచినవారు గుమ్మటములలో మసీదును, స్తంభములలో గుడిని గుర్తింతురు.

మతమార్పిడి విషయములో అజరయ్యగారికి, గాంధీగారికి తీవ్రమైన భేదముండెను. మాల మాదిగ పల్లెలు గుంపులుగా సంఘములో చేరుట దేశమునకు మేలా కీడా అన్నదే వాదము. దేశము గొప్పదగుటకు పల్లె చివరనున్నవాడు తలయెత్తుట ముందు జరుగవలెనని అజరయ్యగారు నమ్మిరి. అట్టి మనుష్యుడు, 1932లో ప్రభుత్వము క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు ఇచ్చినప్పుడు వాటిని వ్యతిరేకించిరి. క్రైస్తవుల ఓటు వేరైన యెడల సంఘము ఒక రాజకీయ కులమగునని ఆయన భయము. అంతకు ముందు రౌండుటేబులు సమావేశములలో కె. టి. పాల్ గారు, ఎస్. కె. దత్తాగారు ఇదే మాట పలికిరి. పన్నీరు సెల్వముగారు ఎదుటి పక్షమున నిలిచిరి. కనుక క్రైస్తవులందరు ఒకే మాట మీద ఉండిరని చెప్పుట సరికాదు.

అజరయ్యగారు 1945 జనవరి 1న దోర్నకల్‌లో కన్నుమూసిరి. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభ మత ప్రచార హక్కును గూర్చి గట్టిగా తర్కించి, దానిని ఉంచినది. 1949 మే నెలలో చట్టసభలలో మతమును బట్టి స్థానములు ప్రత్యేకించుట అక్కరలేదని తీర్మానించినది. సభ ఉపాధ్యక్షుడైన హెచ్. సి. ముఖర్జీగారు క్రైస్తవుడై యుండియు ఆ పనిలో ముందు నిలిచిరి. దీనిని మన పెద్దలు త్యాగమని చెప్పుకొందురు. త్యాగమే, అయితే విడిచిన స్థానములు చదువుకొన్నవారు కూర్చుండదగినవి. మరుసటి ఏడు, 1950 ఆగస్టు 10నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల సదుపాయములను హిందువులకు పరిమితము చేసినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించిరి. దోర్నకల్ పల్లెలలో అజరయ్యగారి చేత బాప్తిస్మము పొందినవారి మనుమలు, మనుమరాండ్రు ఆ జాబితాలో తమ పేరు ఎందుకు లేదని అడుగుచు వచ్చిరి.