కీళ్ల పట్టీలు: కర్నూలు, కడప సీమలో ఒక చరిత్ర

బెణికిన, తొలగిన, అరిగిన కీలుకు బయటినుంచి ఆసరా ఇచ్చే సాధనాన్ని వైద్యులు బ్రేస్ అనీ ఆర్థోసిస్ అనీ అంటారు. కర్నూలు, కడప వైపు జనం నోట ఈ మాటలు తక్కువగా వినిపిస్తాయి. మోకాలికి నీ క్యాప్, నడుముకు బెల్టు, మెడకు కాలర్, పోలియో కాలికి క్యాలిపర్. పేరు ఏదైనా పని మూడు రకాలు: కీలు తిరగకూడని వైపు తిరగకుండా ఆపడం, దాని మీద పడే బరువును పక్కకు మళ్లించడం, పట్టు తప్పిన కండరం చేయాల్సిన పనిని తాను చేయడం.

తొలినాటి కట్లు

ఎముక విరిగినా కీలు తొలగినా ఏ చెట్టు బెరడుతో ఊతం పెట్టాలో సుశ్రుత సంహిత వివరంగా చెప్పింది. మోదుగ, మేడి, రావి, మద్ది, మర్రి, వెదురు ఆ జాబితాలో ఉన్నాయి. కట్టు వదులైతే కీలు నిలవదనీ, మరీ బిగిస్తే వాపు, నొప్పి, పుండు తప్పవనీ హెచ్చరించింది. చలికాలంలో ఏడు రోజులకు, వేసవిలో మూడు రోజులకే కట్టు మార్చమంది. ఎండ తీవ్రతను బట్టి కట్టు గడువు తగ్గించాలన్న ఆ మాట రాయలసీమలో ఇప్పటికీ పనికొచ్చేదే.

సీమ జనానికి బాగా తెలిసింది మాత్రం పుత్తూరు కట్టు. పూర్వపు చిత్తూరు జిల్లా పుత్తూరు దగ్గర కొన్ని రాజు సామాజికవర్గ కుటుంబాలు తరతరాలుగా దీన్ని వృత్తిగా చేస్తున్నాయి. ఎముకను చేత్తో సరిచేసి, ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, గుడ్డ చుట్టి, పైన వెదురు బద్దలు పేర్చి బిగిస్తారు. సొన ఆరేకొద్దీ గుడ్డ గట్టిపడుతుంది. ఊరి పేరే వైద్యం పేరైపోయి, ఇప్పుడు ఎన్నో పట్టణాల్లో పుత్తూరు కట్టు బోర్డులు కనిపిస్తాయి.

ఈ పద్ధతి నిలవడానికి నమ్మకంతో పాటు దూరం కూడా కారణమే. కర్నూలు వైద్య కళాశాల 1957లో మొదలైంది. కడపలో రిమ్స్ వచ్చింది 2006లో. ఆ మధ్య సుమారు అర్ధ శతాబ్దం కడప పల్లెవాసికి పెద్ద సర్కారు బోధనాసుపత్రి అంటే కర్నూలో, తిరుపతో. కాలు విరిగిన మనిషిని అంత దూరం మోసుకెళ్లడం కంటే దగ్గర్లో కట్టు కట్టే మనిషి దగ్గరికి తీసుకుపోవడమే తేలిక.

అయితే ప్రమాదం బిగువులో ఉంది. ఎముక విరిగిన చోట మొదటి రోజుల్లో వాపు పెరుగుతుంది. పైన కట్టు సాగదు. అప్పుడు రక్తం ఆడక కండరం చచ్చి, వేళ్లు కొంకర్లు పోతాయి. జర్మన్ వైద్యుడు ఫోక్‌మన్ 1881లో వివరించిన స్థితి ఇదే. నాటు కట్టయినా ఆసుపత్రి పిండికట్టయినా సరే, వేళ్లు తిమ్మిరెక్కి, చల్లబడి, నీలమైతే వెంటనే విప్పించాలి.

ఇనుము, తోలు, పిండి

ఆర్థోపెడిక్స్ అనే మాటకు మూలమైన పదాన్ని ఫ్రెంచి వైద్యుడు నికొలా ఆంద్రి 1741లో సృష్టించాడు. డచ్ సైనిక వైద్యుడు మాథైసెన్ 1850ల మొదట్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కట్టును ప్రచారంలోకి తెచ్చాడు. మోకాలికి ఇనుప చట్రం రూపొందించిన లివర్‌పూల్ వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్ (1834–1891) ఎముకలు కట్టే సంప్రదాయ కుటుంబంలోనే పుట్టాడు. తండ్రి చేతివాటం చూస్తూ పెరిగి వైద్యం చదివాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో తొడ ఎముక విరిగిన ఎందరో సైనికుల ప్రాణాలను ఆ చట్రమే నిలిపింది.

20వ శతాబ్దంలో మన పల్లెలకు బ్రేస్ అంటే పోలియో క్యాలిపర్. రెండు పక్కల ఇనుప కడ్డీలు, తొడకూ పిక్కకూ తోలు పట్టీలు, అడుగున బరువైన బూటు. పట్టు లేని కాలిని నిలబెట్టే సాధనమే ఆ కాలికి మోయలేని బరువైంది.

మూడు కిలోల నుంచి 300 గ్రాములకు

ఆ బరువును దించిన కథ హైదరాబాద్‌ది. అగ్ని క్షిపణి 1989లో తొలిసారి ఎగిరింది. దానికోసం తయారైన తేలికపాటి పదార్థాన్ని నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడొకరు అబ్దుల్ కలాం ప్రయోగశాలలో చేత్తో ఎత్తి చూశారు. కలాంను తన ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ చిన్న పిల్లలు మూడు కిలోలకు పైగా ఉన్న లోహపు క్యాలిపర్లను ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో కలాం బృందం 300 గ్రాముల క్యాలిపర్లు చేసి ఇచ్చింది. వీటికి ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్ అని పేరు. పాదం నేల మీద మోపినప్పుడు నేల తిరిగి తోసే బలాన్నే వాడుకుని మోకాలు ముందుకు కూలకుండా ఆపుతాయి. పిల్లలు వాటితో పరుగులు తీయడం తన జీవితంలో గొప్ప ఆనందమని కలాం చెప్పుకున్నారు.

ఇప్పటి వాడకం

బేతంచెర్ల నాపరాయి, కడప బండ, ఆదోని పత్తి బేళ్లు: ఇక్కడి బతుకులో ఎత్తుడు పని ఎక్కువ. హమాలీ బరువెత్తే ముందు నడుముకు తువ్వాలు బిగించుకోవడం పాత అలవాటు. దాని స్థానంలో ఇప్పుడు సాగే బెల్టు వచ్చింది. అయితే బెల్టు పెట్టుకుంటే నడుము నొప్పి రాదని అధ్యయనాలు తేల్చలేదు. చీలమండ పదే పదే బెణికే ఆటగాళ్లకు మాత్రం చీలమండ పట్టీ మేలు చేస్తుందనడానికి గట్టి ఆధారాలున్నాయి. ఒక పక్కే అరిగిన మోకాలికి, బరువును రెండో పక్కకు మళ్లించే బ్రేస్ కొందరికి నొప్పి తగ్గిస్తుంది. అరిగిన మృదులాస్థిని అది తిరిగి పుట్టించదు.

పట్టీ పనిచేయని చోటు కూడా ఉంది. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఊళ్లు ఈ సీమలోనూ ఉన్నాయి. ఫ్లోరోసిస్ ప్రాంతాల పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగడాన్ని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో వెల్లడించారు. అలా బాగా వంగిన కాలికి శస్త్రచికిత్స, ఆ ఊరికి మంచినీళ్లు కావాలి.

మోకాలి బ్రేస్ కొనేటప్పుడు కొలత తీసుకోవాలి. మోకాలిచిప్పకు పైన తొడ, కింద పిక్క చుట్టుకొలతలు టేపుతో చూస్తారు. పక్కనున్న ఇనుప మడతబందు చిప్ప నడిమికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. నాలుగడుగులు వేయగానే పిక్క మీదికి జారిపోతే ఆ సైజు సరికాదు. నియోప్రీన్ రబ్బరు గాలి ఆడనివ్వదు. నడి వేసవిలో దాని కింద చెమటకు చర్మం ఒరుసుకుపోతుంది. కాబట్టి మధ్యమధ్య విప్పి తుడుచుకోవాలి. వైద్యులు చెప్పిన వ్యాయామం ఆపకూడదు, లేకుంటే తొడ కండరం చిక్కిపోతుంది.

భారత్‌ను పోలియో రహిత దేశంగా 2014 మార్చి 27న ప్రకటించారు. అంతకుముందు ఆ జబ్బు బారిన పడ్డవాళ్లు చాలామంది ఇప్పుడు నడివయసు దాటుతున్నారు. ఏళ్ల తరబడి భారమంతా మోసిన మంచి కాలి మోకాలు కూడా వాళ్లకు అరుగుతోంది. 1981లో మొదలైన కేంద్ర పథకం కింద, కాన్పూర్‌లోని అలింకో సంస్థ తయారుచేసిన క్యాలిపర్లు శిబిరాల్లో ఉచితంగా అందుతాయి. కానీ తోలు పట్టీ తెగుతుంది, మడతబందు అరుగుతుంది, వయసుతో కాలి కొలత మారుతుంది. అందుకే వాళ్లకు కొత్త క్యాలిపర్ ఎంత అవసరమో, పాతదాన్ని దగ్గర్లోనే సరిచేసి మళ్లీ కొలత తీసే పనివాడూ అంతే అవసరం.