గడప తీసేయాలా? లామినేట్ ఫ్లోర్ వెనక కథ

నేను మాకవరపాలెం కుర్రాణ్ణి. ఇల్లు బాగు చేయించుకుంటున్న ఫ్రెండ్స్ నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "లామినేట్ ఫ్లోరింగ్ వేయిస్తున్నాం, గదుల మధ్య గడపలు పీకించేయమంటావా?" జవాబు కావాలంటే కొంచెం చరిత్ర చూడాలి.

1977లో స్వీడన్‌లో పెర్‌స్టార్ప్ అనే కంపెనీ ఈ ఫ్లోరింగ్ తయారు చేసింది. చెక్క నారని గట్టిగా నొక్కి చేసిన పలక, దాని మీద చెక్క డిజైన్ అచ్చేసిన కాగితం, ఆ పైన మెలమైన్ పొర. అంతే. మొదట్లో పలకలని జిగురుతో అతికించేవారు. 1990ల చివర్లో క్లిక్ పద్ధతి వచ్చింది, జిగురు పని పోయింది. కానీ ఒకటి మారలేదు. ఈ ఫ్లోర్ కింద నేలకి అంటుకోదు, పలచటి ఫోమ్ మీద తేలుతూ ఉంటుంది.

ఎందుకలా? తేమకి పలక ఉబ్బుతుంది, పొడి గాలికి తగ్గుతుంది. అందుకే చుట్టూ 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. గోడ దగ్గర ఆ ఖాళీని స్కర్టింగ్ కప్పేస్తుంది. మరి గుమ్మంలో? అక్కడ ఒక పట్టీ వేస్తారు. దాని పేరు థ్రెషోల్డ్. అంటే తెలుగులో గడపే!

మన పెద్దలకి ఇది కొత్త కాదు. పేడతో అలికిన మట్టి నేలల రోజుల్లోనే గడప ఒక గది నేలకి హద్దు. వాన నీళ్లని, పురుగూ పుట్రనీ ఆపేది. తర్వాత నాపరాళ్లు వచ్చాయి, గచ్చు వచ్చింది, టైల్స్ వచ్చాయి. గడపకి పసుపు, బొట్లు మాత్రం ఆగలేదు. తిరుమలకి గడప కాబట్టే కడపకి ఆ పేరొచ్చిందని కూడా చెప్తారు.

కాబట్టి గడప ఉంటే పీకించకండి. రెండు గదుల ఫ్లోరూ దాని దగ్గర ఖాళీతో ఆపించండి. గడప లేకపోతే, తలుపు మూసినప్పుడు సరిగ్గా దాని కిందకి వచ్చేలా పట్టీ వేయించండి. ఆ ఖాళీ మూసేస్తే వానాకాలంలో ఫ్లోర్ గది మధ్యలో పొంగుతుంది, పెట్టిన డబ్బంతా పోతుంది.

విదేశాల్లో ద్వారబంధం అడుగున కొంచెం కోసి, పలకని దాని కిందకి తోస్తారు. మన టేకు ద్వారబంధం కోస్తానంటే ఇంట్లో ఊరుకుంటారా? అట్టముక్క మీద దాని ఆకారం గీసి, పలకని అలాగే కోయించి, మిగిలిన సందులో సాగే సీలెంట్ పెట్టించండి. పలక, ఫోమ్ కలిసి నేల దాదాపు 10 మిల్లీమీటర్లు లేస్తుంది, కాబట్టి తలుపు అడుగు చిత్రిక పట్టించాలి.

ఇక వార్డ్‌రోబ్. గోడకి బిగించిన బరువైనదైతే ఫ్లోర్‌ని దాని కిందకి పోనివ్వకండి. ఆ బరువు కింద ఇరుక్కుంటే తేలే ఫ్లోర్ కదల్లేదు. దాని ముందే ఖాళీతో ఆపించండి. స్లైడింగ్ డోర్ ట్రాక్‌ని కూడా ఫ్లోర్ గుండా స్క్రూ వేసి బిగించనివ్వకండి.

స్వీడన్ ఇంజనీర్లకీ, మన ఊరి వడ్రంగికీ పరిచయం లేదు. అయినా గుమ్మం దగ్గర ఇద్దరూ ఒకే మాట చెప్పారు. మీ ఇంట్లో పాత గడప ఏ చెక్కదో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!