పేరు ఒకటి, వేరు మరొకటి

మూలికల నాణ్యత అనగానే చాలామందికి కల్తీ, పురుగుమందుల అవశేషాలు, సీసం, పాదరసం గుర్తుకు వస్తాయి. అవి ముఖ్యమైనవే. కాని వాటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: సంచిలో ఉన్న వేరు, సంచిమీద పేరు రాసిన మొక్కదేనా? ఆ ప్రశ్న ఎవరూ అడగకపోవడం వల్ల 1990వ దశకంలో బెల్జియంలో వందమందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి.

బ్రస్సెల్స్‌లో స్థూలకాయానికి చికిత్స చేసే క్లినిక్ ఒకటి ఏళ్ల తరబడి చెప్పుకోదగిన ప్రమాదమేమీ లేకుండా నడిచింది. 1990లో తన మందులో రెండు చైనా మూలికలను కొత్తగా చేర్చింది. వాటిలో ఒకటి ‘ఫాంగ్‌జీ’, అంటే స్టెఫానియా టెట్రాండ్రా అనే తీగ వేరు. 1992 నాటికి అక్కడి మూత్రపిండ వైద్యుల దగ్గరకు వింత రోగులు రాసాగారు. వయసు మీరని స్త్రీలు. మూత్రపిండ కణజాలం త్వరత్వరగా పీచుకట్టి గట్టిపడుతోంది. ఆరా తీస్తే వారు ఆ క్లినిక్ మందు వాడినవారని తేలింది. వాన్‌హెర్‌వెఘెమ్ బృందం 1993లో లాన్సెట్ పత్రికలో తొమ్మిదిమంది స్త్రీల వివరాలు ప్రకటించింది.

మందుపొడిని విశ్లేషించగా, స్టెఫానియా వేరులో ఉండవలసిన టెట్రాండ్రిన్ చాలా నమూనాలలో లేనే లేదు. దాని స్థానంలో అరిస్టొలోకిక్ ఆమ్లం ఉంది. చైనాలో ‘హాన్ ఫాంగ్‌జీ’ అంటే స్టెఫానియా. ‘గ్వాంగ్ ఫాంగ్‌జీ’ అంటే పూర్తిగా వేరే కుటుంబానికి చెందిన అరిస్టొలోకియా. ముందున్న ఆ చిన్న పదం జారిపోతే మిగిలేది ‘ఫాంగ్‌జీ’ మాత్రమే. ఎండబెట్టి ముక్కలు కోసిన వేళ్లను కంటితో చూసి తేడా చెప్పడం సులభం కాదు. దీనిని దుర్బుద్ధితో చేసిన కల్తీగా చూడడం సరికాదని నా అభిప్రాయం. ఇది నామసామ్యం వల్ల జరిగిన అనర్థం.

అనర్థం అక్కడితో ఆగలేదు. ఈ ఆమ్లం కణాలలోని డీఎన్ఏకు అంటుకొని, మందు మానిన తర్వాత కూడా సంవత్సరాల తరబడి అక్కడే ఉంటుంది. మూత్రపిండాలు పూర్తిగా పోయిన 39 మంది బెల్జియం రోగులు ముందుజాగ్రత్తగా పాత మూత్రపిండాలను, మూత్రనాళాలను తొలగింపజేసుకోగా, వారిలో 18 మందికి ఆ భాగాలలో క్యాన్సర్ కనిపించింది. ఇది 2000లో ప్రచురితమైంది. డాన్యూబ్ ఉపనదుల తీర గ్రామాలలో 1950ల నుంచి వైద్యులను వేధించిన బాల్కన్ మూత్రపిండ వ్యాధి చిక్కుముడి కూడా దీనితోనే విడింది. గోధుమ చేలలో కలుపుగా పెరిగే అరిస్టొలోకియా గింజలు ధాన్యంతోపాటు పిండిలో కలిసి రొట్టెలలోకి చేరేవి. గ్రోల్‌మన్ బృందం 2007లో దీనికి గట్టి ఆధారాలు చూపింది.

తర్వాత దేశాలు స్పందించిన తీరు ఒకేలా లేదు. బ్రిటన్ 1999లోనే అరిస్టొలోకియాను నిషేధించింది. అమెరికాలో 1994 చట్టం మూలికలను ఆహార అనుబంధాలుగా లెక్కగట్టింది గనుక అమ్మకానికి ముందు అనుమతి అక్కరలేదు. అక్కడి ఎఫ్‌డీఏ 2001లో ప్రజలను హెచ్చరించింది. ప్రతి ముడిపదార్థం అసలు మొక్కేనని తయారీదారు పరీక్షించి తీరాలన్న నియమం 2007లో వచ్చింది. ఐరోపా సమాజం 2004లో మూలికా ఔషధాలకు ప్రత్యేక నమోదు విధానం తెచ్చింది.

చైనా అనుభవం అన్నిటికన్నా ఆలోచింపజేస్తుంది. ‘ముటాంగ్’ పేరుతో పూర్వం వాడింది అకేబియా అనే తీగను. క్రమంగా ఆ స్థానాన్ని ఒక అరిస్టొలోకియా జాతి ఆక్రమించింది. దానికి ప్రభుత్వ ఫార్మకోపియాలోనూ చోటు దక్కింది. అంటే ప్రమాణగ్రంథం ప్రకారం సరుకు అక్షరాలా సరైనదే, కాని విషం! 2003లో దాని అనుమతి రద్దయింది. అరిస్టొలోకియా ప్రజాతికి చెందిన చివరి రెండు మూలికలు ఫార్మకోపియా నుంచి తొలగింది 2020 ముద్రణలోనే. గుర్తింపు పరీక్ష ఒకటి, భద్రతా పరీక్ష మరొకటి. మొదటిదానిలో నెగ్గితే రెండవదానిలో నెగ్గినట్లు కాదు.

ఇక మన సంగతి. ఆయుర్వేద ఔషధాలు 1964 సవరణతో మందుల చట్టం పరిధిలోకి వచ్చాయి. ఆయుర్వేద ఫార్మకోపియాలో ప్రతి మూలికకూ శాస్త్రీయనామం, సూక్ష్మదర్శినిలో కనిపించే లక్షణాలు, బూడిద శాతం వంటివి నిర్దేశించారు. ఇది చిన్న పని కాదు, ఎందుకంటే మన పేర్ల గజిబిజి చైనాకేమీ తీసిపోదు. ‘బ్రాహ్మి’ అంటే కేరళలో నీటి ఒడ్డున పాకే బకోపా. ఉత్తరాదిలో చాలాచోట్ల మనం సరస్వతి ఆకు అనే సెంటెల్లా. శంఖపుష్పి ఉత్తరాదిలో ఒక మొక్క, కేరళలో మన శంఖుపూల తీగ. ఫార్మకోపియా బ్రాహ్మిని, సెంటెల్లాను వేరుచేసి రెండవదానిని మండూకపర్ణి అంది. అయితే ఆ విభజన సంతలో వేళ్లమ్మే వ్యక్తి దాకా చేరిందా అన్నది వేరే ప్రశ్న.

అరిస్టొలోకియా మనకు పరాయిది కాదు. పల్లెల్లో పాముకాటుకు వాడే ఈశ్వరి వేరు ఆ కుటుంబానిదే. రేగడి చేలలో కనిపించే గాడిదగడపాకూ అంతే. పాముకాటుకు ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు ఇంజెక్షనే చికిత్స. ఇక ఆ వేరును కషాయంగానో చూర్ణంగానో నెలల తరబడి తాగేవారికి బ్రస్సెల్స్ ముప్పే పొంచి ఉంది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అరిస్టొలోకియా ఉన్న మూలికా ఔషధాలను మనుషులలో క్యాన్సర్ కలిగించేవిగా వర్గీకరించింది.

మీరు కొన్న సీసా మీద తెలుగు లేదా సంస్కృత నామం ఒక్కటే ఉంటే, శాస్త్రీయనామం ఏమిటని అమ్మేవారిని అడగండి. నాటుమందు తాగుతున్నవారికి క్రియాటినిన్ పెరిగితే, వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు మిగిలిన పొడినో వేరుముక్కనో పారేయకుండా వెంట తీసుకువెళ్లండి.